దాహానికి మూఢం లేదన్న మనిషి

మా ఊరి బిల్లు కలెక్టరు గారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున్న పాలు పోసే ఆవిడ గుమ్మంలో నిలబడి, "పన్ను బాబాయి గారు పోయారంటండి, నిద్దట్లోనేనంట" అని చెప్పింది. నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఆవిడ పాలు పోసి పక్కింటికి వెళ్ళిపోయింది. ఇంట్లో నేనొక్కదాన్నే కాబట్టి ఆ కబురు ఇంకొకరికి చెప్పే పని కూడా లేకపోయింది.

భీమవరం నుంచి వచ్చే కాలువలో నీళ్ళు అందరికీ అందాక ఆఖర్న అందే ఊరు మాది. చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు. బోరు వేస్తే ఉప్పునీళ్ళే. తాగడానికి ఉన్నది ఒక్క మంచినీళ్ళ చెరువు. వేసవిలో కాలువలు కట్టేసేలోగా మోటారు పెట్టి దాన్ని నింపుకోవాలి. నింపుకోలేదా, మళ్ళీ కాలువ వచ్చేదాకా డబ్బా నీళ్ళు కొనుక్కోవాల్సిందే. ఆ మోటారూ వీధి లైట్లూ మురుక్కాలవ పూడికా అన్నీ ఇంటి పన్ను మీదే నడవాలి. ఆ పన్ను వసూలు చేసే మనిషి ఆయన. నేను ఐదేళ్ళు ఈ ఊరికి సర్పంచ్‌గా చేశాను. ఇంటిపేరుకి తప్ప ఎందుకూ పనికిరానని మా వాళ్ళే అనుకునే రోజుల్లో, పంచాయతీ పనంటే ఏమిటో నాకు ఓపిగ్గా నేర్పింది ఆయనే.

ఆయనకో పట్టింపు ఉండేది. పన్ను కట్టని ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టుకునేవారు కాదు. కుర్చీ వేసినా కూర్చునేవారు కాదు. రసీదు చింపి చేతిలో పెట్టాక మాత్రం అడిగి మరీ తాగేవారు. "ఇప్పుడివ్వండమ్మా కాఫీ, ఇప్పుడైతే నాదే" అనేవారు. తాగుతూ ఆ ఇంటి డబ్బు ఎక్కడికి పోతుందో చెప్పేవారు. మీది మలుపులో లైటండి, మీది బడి పక్క కాలవండి, అని. ఆ మలుపు లైటు తనదేనని నమ్మిన ముసలమ్మ ఒకావిడ ఉంది. అది ఆరిపోయినప్పుడల్లా ఆఫీసుకొచ్చి, నా లైటు ఏం చేశారని మా మీద విరుచుకుపడేది. ఇన్ని కాఫీలు తాగితే పైత్యం చేయదా బాబాయ్ గారూ అని నేను ఏడిపిస్తే, పదకొండు నెలలు పస్తున్నవాడికి ఏం చేస్తుందండీ అని నవ్వేవారు.

నేను పదవిలోకి వచ్చిన మరుసటేడు మోటారు కాలిపోయింది. కొత్తది కొనాలి. ఈసారి పన్ను మోటారుకే అని ఆయన గుమ్మం గుమ్మానికీ చెప్పి తిరిగారు. ఎన్నడూ లేనిది సంక్రాంతి వెళ్ళిన కొద్ది రోజులకే దాదాపు ఊరంతా కట్టేసింది. రూలు ప్రకారం ఆ డబ్బు ట్రెజరీలో ఉన్న పంచాయతీ ఖాతాలో జమ చేశారు. తీర్మానం కాగితం, మోటారు కొటేషను పట్టుకుని ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చారు. నేను సంతకం పెడితే చాలు, బిల్లు వెళ్ళిపోతుంది.

నేను పెట్టలేదు. అప్పుడు మూఢం నడుస్తోంది. నా హయాంలో మొదటి పని కదా, మూఢం వెళ్ళాక మంచి రోజు చూసి, కొబ్బరికాయ కొట్టి, నలుగుర్నీ పిలిచి చేద్దామన్నాను. శాస్త్రం మీద భక్తి ఎంతో, ఫోటోలో పడాలన్న కోరిక కూడా అంతే ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆయన మర్నాడు వచ్చారు, ఆ మర్నాడూ వచ్చారు. మూడోసారి అరుగు కింద చెప్పులతోనే నిలబడి ఒకటే మాట అడిగారు.

"దాహానికి మూఢం ఉంటుందా అండి?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. పదిహేను రోజులాగితే కొంపలేం మునిగిపోవు లెండి అన్నాను. ఆయన కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

మునిగింది. మూఢం ఇంకా నాలుగు రోజులుందనగా పంచాయతీ సెక్రటరీ ఫోను చేశాడు. ఖాతాలో ఏమీ లేదు మేడమ్, కరెంటు బకాయిల కింద పైనుంచి మొత్తం జమ చేసేసుకున్నారు, అన్నాడు. మాతో ఒక్క మాట అనలేదు. ఏ బకాయి, ఎన్నాళ్ళది అన్న కాగితం ఒక్కటి పంపలేదు. గుమ్మం గుమ్మం ఎక్కి తెచ్చిన డబ్బు మేం నిద్ర లేచేసరికి లేదు.

ఇద్దరం పెద్దాఫీసుకి వెళ్ళాం. మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపలున్న అధికారి చెడ్డవాడేం కాదు, విసిగిపోయి ఉన్నాడంతే. ఊరి డబ్బేంటి, రాష్ట్రం డబ్బేంటి, అంతా ప్రభుత్వం డబ్బేగా అన్నాడు. నేను నోరు తెరిచేలోపు బిల్లు కలెక్టరు గారు సంచిలోంచి రసీదు పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు.

"ఈ రసీదు మీద మా ఊరి పేరుందండి. రాష్ట్రం పేరు లేదండి. నేను మోటారని చెప్పి తెచ్చానండి."

అధికారి పుస్తకం చూసి, మెల్లగా వెనక్కి జరిపాడు. అర్జీ ఇచ్చి వెళ్ళమన్నాడు. ఇచ్చాం. ఆ తరవాత కూడా ఎన్నో ఇచ్చాం. బస్సులో తిరిగొస్తుంటే ఆయన నా ముందు సీట్లో కూర్చున్నారు. నా సంతకం గురించి ఒక్క మాటన్నా అంటారేమోనని దారి పొడుగునా భయపడుతూనే ఉన్నాను. అనలేదు.

మేం వచ్చేసరికి ఆఫీసు ముందు జనం పోగై ఉన్నారు. డబ్బు తీసుకుంది ఆయన చెయ్యి కాబట్టి ఆయన్నే అడిగారు. జనవరిలో కడితే ఇన్నాళ్ళూ ఎందుకుంచారు, అప్పుడే మోటారు కొనేస్తే ఇలా అయ్యేదా, అని. సరైన ప్రశ్నే. జవాబు నా దగ్గరుంది. ఆయన నా వైపు ఒక్కసారి చూసి, జనం వైపు తిరిగారు.

"ఆలస్యం నాదేనండి. కాగితాలు నేనే ముందు పెట్టాల్సింది."

నేను మాట్లాడలేదు. ఆడదానికి పంచాయతీ ఏం తెలుసని అప్పటికే అంటున్నారు, ఇది కూడా తెలిస్తే ఇక ఎవరూ లెక్కచెయ్యరని నాకు నేను చెప్పుకున్నాను. ఎన్ని చెప్పుకున్నా అది పిరికితనమే.

ఆ వేసవి చెరువు అడుగు కనిపించింది. ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని ఎండలో నిలబడ్డాం. ఆ వరసలోనే ఎవరో అన్నారు, పైవాళ్ళు తీసుకున్నారో, ఈయనే తినేశాడో ఎవడు చూశాడు, అని. ఆయన అదే వరసలో నలుగురి వెనక నిలబడి ఉన్నారు. వినిపించింది. బిందె నింపుకుని తల వంచుకుని వెళ్ళిపోయారు. భార్య పోయి అప్పటికే చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. ఆ మాట చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు.

మరుసటేడు పన్ను వసూలు మానేద్దామన్నాను. కట్టించి ఎవరికో అప్పజెప్పడం దేనికన్నాను. దొంగలు పడతారని పంట వెయ్యడం మానేస్తామా అండి, కోత కోసిన రోజే ఇంటికి తెచ్చుకోవాలి గాని, అన్నారు. మళ్ళీ గుమ్మాలెక్కారు. తలుపులు వేసినవాళ్ళున్నారు, లోపలుండీ లేమనిపించినవాళ్ళున్నారు. ఆయన మెట్టు మీద నిలబడి, రేపొస్తానండీ అని చెప్పి వెళ్ళేవారు. ఆ రేపు నిజంగానే వచ్చేవారు. ఈసారి జమ పడ్డ వారంలోనే బిల్లు పెట్టించారు. నేను వారం అడగలేదు, వర్జ్యం అడగలేదు. కాలువ కట్టేసేలోగా కొత్త మోటారు నడిచింది, చెరువు నిండింది. అప్పట్నుంచీ మా పంచాయతీలో అదే పద్ధతి. వచ్చిన పన్ను వచ్చినట్టే ఊళ్ళో పనికి పడిపోవాలి, పై చెయ్యి పడేలోగా.

నీళ్ళొచ్చాక ఊరు మెత్తబడింది. రసీదు తీసుకుని కాఫీ తెస్తే మాత్రం ఆయన రెండు చేతులూ జోడించి వద్దమ్మా అనేవారు. ఏ ఇంట్లోనూ తాగలేదు. ఎందుకని అడిగితే, ఆ యేడాది నీళ్ళు నేనివ్వలేదు కదండి అన్నారు. జరిగింది ఊళ్ళో చెప్పేస్తానన్నాను. ఇప్పుడొద్దండి, మీ సంతకంతో ఇంకా పనులున్నాయి అన్నారు.

తరవాత ఆ పనులూ అయిపోయాయి, పదవీ అయిపోయింది. ఇక చెప్పకపోవడానికి ఏ సాకూ లేదు. అయినా చెప్పలేదు. సాయంత్రాలు ఆయన అరుగు మీద ఒక్కరే కూర్చునేవారు. ఆ వీధిలోంచి వెళ్తే చూడాల్సొస్తుందని నేను చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని. ఆ సంగతి తెలిసినవాళ్ళం ఊళ్ళో ఇద్దరమే, ఆ తరవాత ఆ ఇద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. పాలావిడ తెచ్చిన కబురుతో నేనొక్కదాన్నే మిగిలాను.

మంగళవారం వెళ్ళేసరికి ఆయన్ని అరుగు మీద పడుకోబెట్టారు. తణుకు నుంచి మేనకోడలు వచ్చి పక్కన కూర్చుంది. చావింట్లో పొయ్యి వెలిగించరు కదా, వచ్చినవాళ్ళ కోసం ఇరుగుపొరుగు కాఫీలు తెస్తున్నారు. ఒక ఫ్లాస్కు, ఇంకో ఫ్లాస్కు, మూత పెట్టిన చెంబు. చూస్తుండగానే ఆయన తల దగ్గర గోడ వారగా వరస పెరిగింది. పైన ఆయన చేత్తోనే నీలం రంగుతో రాసుకున్న ఇంటి నంబరు.

నేను ఎవరూ అడక్కుండానే చెప్పేశాను. ఆ యేడాది ఆలస్యం ఆయనది కాదండి, నాది, మూఢమని సంతకం పెట్టలేదు, అని. మలుపు లైటు ముసలమ్మ నా మొహంలోకి చూసింది.

"ఆయన వింటుండగా చెప్పలేకపోయావా తల్లీ."

ఆవిడ వంగి తన ఫ్లాస్కు మూత తీసి, గ్లాసులో కాఫీ పోసి, ఆయన కుడిచేతి పక్కన పెట్టింది. తీసుకెళ్ళేదాకా ఎవరూ ఆ గ్లాసు కదపలేదు. కాసేపు పొగలొచ్చాయి, తరవాత దాని మీద మీగడ కట్టింది.