అలికిన గది

పక్కింటి వాళ్ల కుక్కపిల్ల నిన్న మా ఫ్లాటుకు వచ్చింది. టైల్స్ పరిచిన బాల్కనీ అంతా వాసన చూసుకుంటూ తిరిగి, చివరికి మల్లె కుండీలోకి ఎక్కి ఉచ్చ పోసింది. తడిసిన మట్టి వాసనకు మా చిన్నప్పటి కుక్క రాజుగాడు గుర్తొచ్చాడు.

నా ఎనిమిదో ఏట నాయనకు ట్రాన్స్‌ఫరై ఉదయగిరి నుంచి ఆత్మకూరు వచ్చాం. అక్కడ నాతో ఆడుకునేవాళ్లు ఎవరూ లేరు. రోడ్డు మీద లారీల భయానికి రాజుగాణ్ణి పెరటి గేటు దాటనిచ్చేవాళ్లం కాదు. పెరడంతా కడప బండలు. వెనక గది మాత్రం పేడతో అలికిన మట్టినేల. ఉదయగిరిలో ఏనాడూ ఇల్లు తడపని కుక్క, ఇక్కడ రోజూ ఆ గదిలోకి దూరి పోసేది.

"దీనికి పొగరు బాగా ఉండాది," అన్నాడు నాయన.

"పొగరు కాదు నాయనా, వాడికి ఈ ఊరు నచ్చలా," అన్నాను.

నాకూ నచ్చలేదని మాత్రం చెప్పలేదు. సాయంత్రాలు వాడి మెడ మీద చెయ్యేసి, ఇద్దరం కలిసి అలిగినట్టు కూర్చునేదాన్ని.

కొన్నాళ్లకు నాయన వాణ్ణి తీసుకెళ్లి ఉదయగిరిలో అవ్వ దగ్గర వదిలేశాడు. తర్వాత మమ్మల్ని చూడ్డానికి వచ్చిన అవ్వ, "ఏందిరా మీ గోల? మనింట్లో బండల మీద ఒక్క చుక్క పోయడు. మట్టి వాకిట్లోకే పోతాడు," అంది. నేను చెప్పింది నిజమేనని మురిసిపోయాను.

నిన్న కుండీ ముందు నిలబడితే అర్థమైంది. బండల మీద పోయకూడదని ఉదయగిరి ఇంట్లో వాడి చిన్నప్పుడే అవ్వ నేర్పింది. ఆత్మకూరులోనూ వాడు ఆ మాటే విన్నాడు, మట్టి ఎక్కడుందో వెతుక్కున్నాడు.

ఆ ఇంట్లో అలిగింది నేనొక్కదాన్నే.