గోదాము గుమ్మం బయట

పైడమ్మ అంత మంచి మనిషి లేదని రాయపూర్ స్టేషను దగ్గర మన తెలుగువాళ్ళంతా అంటారు. నా ముందు మాత్రం అనకండి, నాకు ఒళ్ళు మండుతుంది. ఆమె మంచిది కాదని కాదు. ఏడేళ్ళుగా ఆమె పక్క వాటాలోనే ఉంటున్నాను, ఆమె సంగతి నాకు తెలియదా? ఆ మంచితనంలో భయం కలిసి ఉండేది. నాలోనూ ఉండేది. దానివల్ల ఒక పిల్ల ప్రాణం పోయింది. అది దాచిపెట్టి పైడమ్మ గురించి చెప్పడం నాకు చేతకాదు.

ఆమెది పాలకొండ వైపు పల్లె. పెళ్ళయిన ఏడాదికే మొగుడు దానయ్య వెంట ఇక్కడికి వచ్చింది. దానయ్య స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. పద్నాలుగేళ్ళు రైల్వే క్వార్టర్లో కాపురం చేశారు, పిల్లలు నిలవలేదు. నలభై ఎనిమిది వేసవిలో దానయ్య విషజ్వరంతో పోయాడు. క్వార్టరు ఉద్యోగానికి ఇచ్చేది, మనిషికి కాదు. రెండు నెలల్లో ఖాళీ చేయాలి. దానయ్య ఫండు కాగితాలు తేలడానికి ఏడాది పట్టవచ్చనీ, ఎప్పుడు పిలిస్తే అప్పుడు వచ్చి వేలిముద్ర వేయాలనీ ఆఫీసులో చెప్పారు. పాలకొండ వెళ్ళిపోతే వేలిముద్రకోసం ఆమెని ఇంత దూరం ఎవరు తీసుకొస్తారు? ఊళ్ళోనే ఉండాలి, ఉండటానికి ఇల్లు లేదు.

ఆ ఏడు అలాంటివాళ్ళం పదకొండు మందిమి తేలాం. మా వారు భీమారావుగారు టిక్కెట్ కలెక్టరు, ఆయన పోయి అప్పటికి మూడు నెలలు. చదువుకున్న దాన్ని గనక అర్జీలు రాస్తూ తిరిగాను. ఎన్ని అర్జీలు రాసినా తల దాచుకునే చోటు దొరకలేదు.

చోటు ఇచ్చింది గంజ్ అనే ధాన్యం బజారులోని బియ్యం వ్యాపారులు. స్టేషను ఎదుట చింతపండూ ఎండుమిరపకాయలూ అమ్మే మన మల్లేశ్వరరావు వెళ్ళి వాళ్ళకి మా సంగతి చెప్పాడు. పాత ధాన్యం అమ్ముడుపోయాక దీపావళి దాటి కొత్త పంట వచ్చేదాకా గోదాములు ఖాళీగా ఉంటాయి. ఛగన్‌మల్ సేఠ్ తన గోదాము తాళంచెవి తీసి పైడమ్మ చేతిలో పెట్టాడు. ఒకరు నూకలు పంపారు, ఒకరు పరుచుకోవడానికి గోనెసంచులు, కిరసనాయిలు దుకాణం ఆయన రెండు లాంతర్లు. మమ్మల్ని ఒక్క ప్రశ్న అడగలేదు. అది మాటవరసకి చెప్పడం లేదు, నిజంగా అడగలేదు.

ప్రశ్నలూ షరతులూ అన్నీ మల్లేశ్వరరావువి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు. మొదటిరోజే మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, "సూడండమ్మా, సేఠ్‌లు నిష్ఠ గల మడుసులు. దీపావళికి ఈ గోదాములోనే లచ్చిందేవి పూజ సేస్తారు. లోపల మైల తగలకూడదు. నా పరువు తియ్యకండి" అన్నాడు. పైడమ్మ తలూపింది. మేమందరం తలూపాం. మన ఇళ్ళల్లో ఎలాగో ఇక్కడా అలాగే కదా అనుకున్నాం.

అప్పటినుంచి ఎవరు బయటచేరినా మూడు రోజులు గోదాము బయట, కాటా వేసే రేకుల పందిరి కింద పడుకునేవాళ్ళం. నాలుగు వైపులా గోడల్లేని పందిరి. వానకి తడిసి ఇద్దరికి జ్వరాలు వచ్చాయి. నేను ఒకసారి కోపం పట్టలేక, "సేఠ్‌నే అడుగుదాం, ఆయన నోటితో ఏమంటాడో విందాం" అన్నాను.

"ఒద్దమ్మా తాయారమ్మా," అంది పైడమ్మ. "ఉన్న జాగా కాస్తా పోద్ది. పదకొండు మందిమి ఏ సెట్టు కిందకి పోతాం?"

నేనూ నోరు మూసుకున్నాను.

భాద్రపదంలో సూరమ్మ వచ్చింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. మొగుడు గ్యాంగుమన్, వడదెబ్బకి పోయాడు. ఎనిమిదో నెల కడుపు. మల్లేశ్వరరావుకి తెలిస్తే వద్దంటాడని పైడమ్మ ఆ పిల్లని గోనెల వెనక చాటున పడుకోబెట్టింది. తన వాటా నూకలు ఆమెకే పోసేది. ఆసుపత్రికి తీసుకెళ్ళి చూపించింది. నొప్పులు మొదలవగానే తీసుకురమ్మన్నారు. పురుడు ఆసుపత్రిలో పోస్తే గోదాముకి ఏ మైలా ఉండదని ధైర్యంగా ఉన్నాం.

ఆ పురుడు ఇరవై రోజులు ముందే వచ్చింది. రెండు రోజులుగా ఎడతెగని వాన. పొద్దున్న ఏడింటికి సూరమ్మకి నొప్పులు మొదలయ్యాయి. టాంగా కోసం ఇద్దరు పరిగెత్తారు. గంజ్ రోడ్డు మోకాలి లోతు నీళ్ళలో ఉంది, ఏ టాంగావాడూ రానన్నాడు. ఎనిమిదిన్నరకి ఇక ఆగదని అందరికీ తెలిసిపోయింది.

పైడమ్మ లేచి చీర కొంగు బిగించింది. "తాయారమ్మా, ఆ చాప కొస పట్టు" అంది.

"ఎక్కడికి?"

"పందిరి కిందకి."

సూరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "అప్పా, నన్ను లోపలే ఉండనీ. సడి సెయ్యను. నోట్లో గుడ్డ కుక్కుకుంటాను."

పైడమ్మ ఏడుస్తూనే ఉంది. "నా తల్లీ, నీ ఒక్కదానికోసం వీళ్ళందరూ ఈదిలో పడతారే" అంది. నేను చాప కొస పట్టాను. చదువుకున్నదాన్ని, అర్జీలు రాసేదాన్ని, నోరున్నదాన్ని, ఆ చాప కొస పట్టింది నేనే.

రేకుల కింద నలుగురం గోనెలు అడ్డం పట్టుకుని నిలబడ్డాం. గాలివాటు జల్లు గోనెల్లోంచి కొట్టింది. పది గంటలకి ఆడపిల్ల పుట్టింది. సూరమ్మకి రక్తం ఆగలేదు. వణుకు మొదలైంది, కప్పడానికి పొడిబట్ట ఒక్కటీ మిగల్లేదు. పొడిబట్టలూ పొయ్యీ అన్నీ పది అడుగుల అవతల, తలుపు లోపల ఉన్నాయి. మైల చేతులతో లోపలికి పోకూడదని తలుపు దగ్గర ఉన్నవాళ్ళు విసిరితే పట్టుకుంటున్నాం. పట్టుకునేసరికే తడిసిపోతున్నాయి. పన్నెండు దాటాక ఒక ఎడ్లబండి దొరికింది. దాన్ని పందిరి దగ్గరకి తోలించేసరికి సూరమ్మ చల్లబడిపోయింది.

సాయంత్రం వాన తగ్గాక ఛగన్‌మల్ సేఠ్ వచ్చాడు. మల్లేశ్వరరావు వెనకే ఉన్నాడు, ముఖాన నెత్తురుచుక్క లేదు. పందిరి కింద శవాన్నీ, పైడమ్మ ఒళ్ళో పసిగుడ్డునీ చూసి సేఠ్, "ఇక్కడెందుకు పడుకోబెట్టారు?" అని హిందీలో అడిగాడు.

పైడమ్మ అతని కాళ్ళ దగ్గర చేతులు జోడించింది. "మాలిక్, లోపల మైల తగలనివ్వలేదు. అందరం నియమంగా ఉన్నాం. దయచేసి ఎల్లిపోమనకండి" అంది వచ్చీరాని హిందీలో.

సేఠ్‌కి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక కాటా బల్ల మీద కూలబడ్డాడు.

"ఎవరు చెప్పారు మీకు?" అన్నాడు. "నేను పుట్టిందే ఈ గోదాములో. ప్లేగు వచ్చిన ఏడాది మా వీధి ఖాళీ చేయిస్తే మా అమ్మ ఇక్కడే తలదాచుకుంది. నన్ను కన్నది లోపల తూర్పు గోడ పక్కన. పంతులు వచ్చి గంగాజలం చల్లాడు, ఒక్క పూటలో అయిపోయింది. ఒక్క మాట నన్ను అడగలేదేం?"

అడగందే అమ్మయినా పెట్టదని పిల్లలకి చెబుతాం కదా. మల్లేశ్వరరావు పందిరి గుంజకి తల ఆనించి ఏడ్చాడు. దహనానికి కట్టెలు అతనే తెచ్చాడు.

ఆ ఏడు సేఠ్ కొత్త ధాన్యం వేరేచోట దించుకుని, మా కాగితాలు తేలేదాకా గోదాము మాకే వదిలేశాడు. ఒకరి తర్వాత ఒకరు స్వస్థలాలకి వెళ్ళిపోయారు. పైడమ్మ వెళ్ళలేదు. గంజ్‌లో బియ్యం చెరిగే పనికి కుదిరి, పిల్లకి పరదేశి అని పేరుపెట్టి పెంచుతోంది. నేనూ వాళ్ళ పక్కన ఉండిపోయాను.

మొన్న మధ్యాహ్నం అన్నం తింటూ పరదేశి అడిగింది, "అమ్మా, నన్ను కన్నమ్మ ఎలా సచ్చిపోయింది?" అని. ఆసుపత్రిలో జబ్బుచేసి అని చెప్పడానికి నేను నోరు తెరిచాను.

"లోపల పొడి జాగా ఉండగా వానలో పండబెట్టాను" అంది పైడమ్మ. "లోపలే ఉంటానని బతిమాలింది. నానే ఒద్దన్నాను."

పిల్ల కంచం తీసుకుని లేచి, నా పక్కకి వచ్చి కూర్చుంది. ఆ చాప రెండో కొస పట్టింది నేనని పైడమ్మ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.