గస్తాన్ బాబాయ్ తిట్లు తిన్న రోజు

గస్తాన్ బాబాయ్‌కి ఒక సిద్ధాంతం ఉండేది. వ్యాన్ ఎక్కిన ప్రతి రోగికీ వినిపించేవాడు.

"మా తాతలు తల వంచారు. నాన్నలు నోరు తెరిచి అడిగారు. మేం రోడ్లు మూశాం. మా పిల్లలు ఉద్యోగాలు చూసుకున్నారు. వాళ్ళ పిల్లలు మళ్ళీ రోడ్లు మూస్తారు, చూస్తూ ఉండండి. అప్పుడు పడుతుంది ముసలాళ్ళకి పని."

ఏం పని బాబాయ్ అని అడిగితే మాత్రం హారన్ కొట్టేవాడు. ఆయనకే తెలియదని నా అనుమానం.

ఇరవై నాలుగేళ్ళ వయసులో, మా ద్వీపానికి స్వతంత్రం కావాలని ఉవాయిలూ లోయలో రోడ్డుకి అడ్డంగా చెట్లు నరికి పడేసినవాళ్ళలో ఆయన ఒకడు. ఆ గొడవల్లోనే తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు. తర్వాత ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. తుపాకులు దించమని ఊరూరా తిరిగి కుర్రాళ్ళకి చెప్పొచ్చింది కూడా ఆయనే. ఆపైన నికెల్ గనిలో లారీ, బడి బస్సు, చివరికి మా డయాలసిస్ కేంద్రం వ్యాన్ నడిపాడు. నేను అదే వ్యాన్‌లో రోగుల్ని ఎక్కించి దించే ఆయాని. బాబాయ్ గొప్పలు పదకొండేళ్ళు విన్నాను, ఓపిక నాది.

2024 మే నెలలో ఆయన అన్నట్టే అయింది. బయటినుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళకీ ఓటిచ్చేలా ఓటర్ల జాబితా మార్చే చట్టం, మమ్మల్ని ఏలే పారిస్‌లో ముందుకు కదలగానే మా రాజధాని నుమేయా తగలబడింది. సందుసందుకీ బారికేడ్. మా వ్యాన్‌లో వచ్చే రోగి, చిన్నాపెద్దా అందరూ అక్క అనే ఎజెని అక్కకి రెండు విడతలు డయాలసిస్ తప్పిపోయింది. కాళ్ళు ఉబ్బిపోయాయి, పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. ఇవాళ్టిది కూడా తప్పితే మనిషి దక్కదని డాక్టర్ ఫోన్లో తెగేసి చెప్పాడు. పొద్దున్నే బయలుదేరాం.

మొదటి రెండు బారికేడ్ల దగ్గర వ్యాన్‌కి కట్టిన తెల్ల జెండా చూసి వదిలేశారు. మూడో చోట కాలిన కారొకటి రోడ్డుకి అడ్డంగా ఉంది. దాని ముందు ముఖాలకి గుడ్డలు కట్టుకుని పదిమంది. జోరిస్ అనేవాడు వాళ్ళకి పెద్ద. ఇరవై రెండేళ్ళుంటాయేమో.

బాబాయ్ హారన్ మోగించాడు. "జరగండ్రా! మీరు పుట్టకముందే ఇలాంటి రోడ్లు మూసినవాణ్ణి."

"మూసి ఏం పీకావ్ తాతా?" అన్నాడు జోరిస్. "తుపాకులు దించమని ఇల్లిల్లూ తిరిగింది నువ్వేగా? మా వాళ్ళదీ ఉవాయిలూ లోయే, నువ్వెవరో తెలుసు. మా అమ్మ అన్నీ చెప్పింది. పోలీసులు కూడా రోగులున్నారనే చెప్పి దూరారు నిన్న. తిప్పు వెనక్కి."

బాబాయ్ స్టీరింగ్ మీద పిడికిలితో గుద్దాడు. వ్యాన్ తిప్పలేదు.

"ఆచారం ప్రకారం గుడ్డ పెట్టి దారి అడుగు బాబాయ్," అన్నాను.

"ఈ పిల్లకాయలకా? వచ్చినవాడు ఇంటివాళ్ళకి పెట్టేది అది. రోడ్డేమన్నా వీళ్ళ ఇల్లా?"

వెనకనుంచి ఎజెని అక్క ఎగశ్వాసతోనే అంది, "ఇవాళ్టికి వాళ్ళదే తమ్ముడూ. దిగు."

దిగాడు. పూల గుడ్డ మడత, పైన పొగాకు పొట్లం నేలమీద పెట్టి, కళ్ళు దించుకుని, మా భాషలో తనెవరో, ఎక్కణ్ణుంచి వచ్చాడో, ఏం కావాలో చెప్పాడు. కుర్రాళ్ళంతా టోపీలు తీశారు. జోరిస్ వంగి గుడ్డ అందుకున్నాడు. అందుకుని, అలాగే నిలబడిపోయాడు.

అందుకున్నవాడు అదే భాషలో, పెద్దల నాటి మాటల్లో జవాబు చెప్పాలి. చెప్పేదాకా దారి తెరిచినట్టు కాదు. వాడికి ఆ మాటలు రావు. పట్నం క్వార్టర్లలో పుట్టిన పిల్లలు, వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిందెవరు? నాకు ఒళ్ళు మండింది, వాళ్ళ మీద కాదు.

నేను తలుపు తీశాను. ఎజెని అక్క పెదాలు నీలంగా ఉన్నాయి. "నా వెనకే అను బాబూ," అంది. ఒక్కో ముక్కా చెప్పింది, జోరిస్ ఒక్కో ముక్కా అన్నాడు. ముక్కకీ ముక్కకీ మధ్య ఆమె ఊపిరికోసం ఆగేది. నేను గడియారం చూస్తున్నాను.

"మా పెద్దలు తెరిచిన ఈ దారిలో..." అంది.

జోరిస్ ఆగిపోయాడు. "అది అనను అవ్వా. పెద్దలేం తెరిచారు? మమ్మల్నెవరడిగారు?"

"ఒరే, ఆవిడ చచ్చిపోతోందిరా!" అని అరిచాను. వాడు కళ్ళు తుడుచుకుని, తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు గస్తాన్ బాబాయ్ తలెత్తకుండానే అన్నాడు. "అడగలేదు. ఒప్పుకుని ఇళ్ళకి పోయాం, జీతాల్లో పడ్డాం. మీకు ఏం మిగిలిందో వెనక్కి తిరిగి చూడలేదు. తప్పు మాది. నాది."

పదకొండేళ్ళలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు.

"ఆ ముక్క వదిలెయ్," అంది ఎజెని అక్క. "నీకు నిజమనిపించింది అను."

జోరిస్ గుడ్డ గుండెకి అదుముకుని, వచ్చీరాని మా భాషలో, "ఈ దారి మాది. వెళ్ళి బతికి రండి," అన్నాడు. కాలిన కారుని పదిమందీ కలిసి పక్కకి తోశారు.

అక్కకి సూది గుచ్చేటప్పటికి తొమ్మిదిన్నర. నాలుగు గంటలు పడుతుంది. బాబాయ్ వ్యాన్‌లో కునుకు తీస్తాడనుకున్నాను. తాళాలు నా చేతిలో పెట్టి నడుచుకుంటూ వెనక్కి వెళ్ళిపోయాడు.

తిరుగు దారిలో వ్యాన్ నేనే నడిపాను. బారికేడ్ దగ్గర బాబాయ్ ఒక టైరు మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ పదిమంది నిలబడి ఒకేసారి తిడుతున్నారు. ఆయన ఒక్కొక్కడి వైపూ తిరిగి వింటున్నాడు.

హారన్ కొట్టబోయాను. ఎజెని అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఇంకాసేపు ఆగుదాం. వాళ్ళు తిట్టడం ఇంకా పూర్తికాలేదు."