నాలుగు జానల బొంత

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టాలంటే కాస్త సిగ్గుగానే ఉంది. ఆ రోజులు గడిచి ఇంకా ఆరేళ్ళు కూడా నిండలేదు. కానీ అప్పటి డైరీ తీసి చదువుతుంటే అందులో ఉన్న పిల్ల నాకు దూరపు చుట్టంలా కనిపిస్తుంది. షేర్ ఆటోలో దిగాల్సిన చోటు దాటిపోతున్నా ‘ఆపండి’ అనలేక, ఇంకెవరో దిగేదాకా బిగుసుకుని కూర్చుని, అక్కణ్ణుంచి ఎండలో వెనక్కి నడిచొచ్చే పిల్ల. బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసులో నా మొదటి ఉద్యోగం కూడా నా స్వభావానికి తగ్గట్టే దొరికింది. వచ్చిన కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కించడమే పని, మనుషులతో మాట్లాడనక్కర్లేదు. సాయంత్రం హాస్టల్‌కి రావడం, మంచమెక్కి పుస్తకం తెరవడం. మాది ముగ్గురుండే గది. ఒకామె బట్టల షోరూంలో పనిచేసే బందరక్క (ఆరడుగులకు రెండంగుళాలు తక్కువ, గొంతు మాత్రం ఆరడుగులకు పైమాటే). రెండో ఆమె నర్సింగ్ చదువుతున్న బుల్లి పిల్ల. ఆమెని అందరం నర్సమ్మ అనే పిలిచేవాళ్ళం.

అప్పుడు మా అక్కకి ఎనిమిదో నెల. పామర్రు దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో పురిటికి ఉంది. మా వైపు పుట్టిన బిడ్డని కొత్త గుడ్డ మీద పడుకోబెట్టరు. ఇంట్లో ఆడవాళ్ళు కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలతో బొంత కుట్టి దాని మీద వేస్తారు. మా ఇంట్లో పిల్లలందరి బొంతలూ అమ్మమ్మే కుట్టింది. ఈసారి మాత్రం ఆవిడకి కళ్ళు మసకలొచ్చాయి. “కింద పొరలు వేసి కుట్టెయ్యడం చేత్తో తడుముకుంటూ అయిపోతుంది గానీ, పైపొరకి ముక్కలు కోసి అతకడం నా వల్ల కాదే” అంది ఫోనులో. “నేను చేస్తా అమ్మమ్మా” అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందని నమ్మడానికి నాకే కొంచెం సేపు పట్టింది. వెనకనుంచి అక్క నవ్వు వినిపించింది. “అదా! బొత్తాం ఊడితే పిన్నీసు పెట్టుకునే మనిషి. నా బిడ్డ చాప మీదే పడుకుంటుందిలే అమ్మమ్మా.”

ఆ నవ్వుతో నాకు పట్టుదల వచ్చింది. వారంలో చీరల మూట బస్సులో వచ్చింది. కొలతలు అడిగితే అమ్మమ్మ, “జానెడు ముక్కలు కొయ్యి. పొడుక్కి ఆరు, అడ్డానికి అయిదు” అంది.

“జానెడంటే ఎన్ని అంగుళాలు అమ్మమ్మా?”

“అంగుళాలేంటే? చెయ్యి లేదా నీకు? బొటనవేలు నుంచి చిటికెన వేలు దాకా చాపు, అదే జానెడు.”

డైరీలో రాసుకున్నాను. ‘ముక్క: జానెడు. మొత్తం: ముప్ఫై.’ ఆ రెండు ముక్కల కింద గీత కూడా గీశాను.

మూట మంచం కింద దాచి, గదిలో ఎవరూ లేనప్పుడు చేసుకుందామని నా పథకం. ఏడు ముక్కలు అలాగే కోశాను. ఆ ఆదివారం మధ్యాహ్నం బందరక్క చెప్పు వెతుక్కుంటూ మంచం కిందకి వంగింది.

“ఏంటే ఇన్ని చీరలు? ఇస్త్రీ కొట్టు పెట్టావా?”

గొణుగుతూ సంగతి చెప్పాను. ఆవిడకి కోపం వచ్చింది. “రోజంతా గుడ్డలు చింపే మనిషిని పక్క మంచం మీద పెట్టుకుని నువ్వు దొంగచాటుగా కోసుకుంటావా? ఇటివ్వు. ఎంతెంత?”

“జానెడు” అన్నాను.

ఇంకొక్క మాట, ‘నా జానెడు’ అని ఉంటే ఈ కథే లేదు.

చర్చి నుంచి వచ్చిన నర్సమ్మ కూడా తెల్ల చున్నీ తీసి మడత పెట్టి, “నాకూ కొన్ని ఇవ్వక్కా” అంటూ కూర్చుంది. బకెట్ల గురించి కేకలేద్దామని పైకొచ్చిన హాస్టల్ ఆంటీ, నేలంతా చీరలు చూసి కేకలు మర్చిపోయింది. “పసిబిడ్డకా? అయ్యో, మా పెద్దాడికి మా అత్తగారు కుట్టింది కదమ్మా! జరగండి” అని మోకాళ్ళు పట్టుకుని కూలబడి, ఉంగరాల చెయ్యి చాపి కొలవడం మొదలుపెట్టింది. గంటలో మిగతా ముక్కలన్నీ అయిపోయాయి. నేను మంచమ్మీద కూర్చుని, ఇంతమంది నా పని చేస్తున్నందుకు మొహమాటంతో ముడుచుకుపోయాను. సంతోషంగా కూడా ఉంది, కానీ అది మొహంలో కనపడనిచ్చే అలవాటు నాకు లేదు.

వాళ్ళు టీకి కిందకి వెళ్ళాక ముక్కలు నేల మీద పేర్చి చూశాను. బందరక్క జానెడు తమలపాకుల పళ్ళెమంత. నర్సమ్మది చపాతీ పీట మీద సగం కూడా రాదు. ఆంటీది ఈ రెండింటికీ మధ్య ఎక్కడో, అదీ ఒక్కో ముక్క ఒక్కోలా. నర్సమ్మవాటిల్లోనే మరీ చిన్న ముక్క ఒకటుంది, దాని కొలతకి మిగతావన్నీ, నర్సమ్మవి కూడా, కత్తిరిస్తే సరిపోయేది. కానీ అలా చెయ్యాలంటే వాళ్ళకి చెప్పాలి.

డైరీలో ఆ వారం ఇలా ఉంది: ‘ముక్కలు ఒక కొలతలో లేవు. రేపు చెప్పాలి.’ మర్నాడు: ‘ఆంటీ తన ముక్కలు ఎక్కడ పెడుతున్నానో చూడ్డానికి వచ్చారు. చెప్పలేదు.’ గురువారం: ‘నర్సమ్మ తన ముక్కలన్నిటి మీదా దారంతో చిన్న చిన్న పువ్వులు కుట్టింది, అంచు దాకా. ఇక కత్తిరించడం కుదరదు.’

అందుకని అన్నీ ఉన్నవున్నట్టే అతికేశాను. రంగు బాగుందని బందరక్క ముక్కలు నడిమధ్యలో పెట్టి, పువ్వులు చక్కగా కనబడతాయని నర్సమ్మవి చుట్టూ అంచుకి వేశాను. పెద్దది మిగిలిన చోట కుచ్చు పెట్టి, చిన్నది చాలని చోట లాగి, నాలుగు వారాలు వేళ్ళు పొడుచుకుంటూ కుట్టాను. చివరికి మంచమ్మీద పరిచితే నడిమధ్య పూరీలా పొంగింది. ఒకవైపు నొక్కితే ఇంకోవైపు లేచింది.

“ఉతికితే అదే సర్దుకుంటుంది” అంది బందరక్క.

“ఇస్త్రీ చెయ్యమ్మా” అంది ఆంటీ.

నర్సమ్మ కాసేపు చూసి, “పాప పడుకుంటే ఆ బరువుకి అణుగుతుందిలే అక్కా” అంది.

ముగ్గురూ ఆశగా నా వైపు చూస్తున్నారు. “చాలా బాగుంది” అన్నాను.

పామర్రు బస్సులో ఒళ్ళో సంచీ పెట్టుకుని, ఉయ్యూరు వచ్చేదాకా సాకులు వెతుక్కున్నాను. ఉయ్యూరు దాటాక ఏడుపొచ్చింది. ఇంటికెళ్ళి అరుగు మీద పరిచానో లేదో, అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. “ఇదేంటే, బొంతా, కోళ్ళ గంపా?”

అమ్మమ్మ నవ్వలేదు. దగ్గరికి జరిగి కూర్చుని, ఆ మసక కళ్ళు పైకెత్తి, చేత్తో ముక్కముక్కా తడిమింది. ఒక్కో ముక్క మీదా తన జాన వేసి చూసుకుంది. మళ్ళీ మొదటికొచ్చింది.

“ఇది ఒక చెయ్యి కాదే. ఎవరెవరు కోశారు?”

ఇక దాచి లాభం లేదని అంతా చెప్పేశాను. బందరక్క గొంతూ, ఆంటీ ఉంగరాలూ, నర్సమ్మ పువ్వులూ, చెప్పలేక నేను మింగిన మాటలూ. నా జన్మలో అంతసేపు ఎప్పుడూ ఆగకుండా మాట్లాడలేదేమో, అక్క కూడా నవ్వడం ఆపి వింది.

“తప్పు నాదే” అంది అమ్మమ్మ. “ముక్కలన్నీ ఒక్క చెయ్యే కోయాలని చెప్పనేలేదు. మన ఇంట్లో ఎప్పుడూ ఉండేది నా చెయ్యి ఒక్కటే, ఇక చెప్పాలని ఎలా తోస్తుంది?” కాసేపు పువ్వుల మీద వేలు తిప్పింది. “ముగ్గురు కూర్చున్నారా నీతో? నీ పని కోసం?”

“ఊఁ.”

“నోరు విప్పి మంచినీళ్ళు కూడా అడగదు, ఆ ఊళ్ళో ఎలా ఉందోనని ఆర్నెల్లుగా దిగులు పెట్టుకున్నాను కదే తల్లీ” అని, నేను కంగారుగా విప్పబోతున్న కుట్టు మీద చెయ్యి అడ్డం పెట్టింది. “దారం కూడా తియ్యకు.”

పొంగినచోట అరచేత్తో కిందికి నొక్కి గుంటలా చేసి, కింద తాతయ్య పాత పంచెలు పొరలుగా వేసి, అలాగే కుట్టేసింది. మూడు వారాలకి మా అక్క కూతురు సరిగ్గా ఆ గుంటలో పడుకుంది, దొర్లకుండా, ఎటూ జారకుండా. తర్వాత బొంత ఉతికి ఆరేసిన రోజున చాప మీద పడుకోబెడితే ఊరంతా వినపడేలా ఏడ్చిందని అక్కే ఫోను చేసి చెప్పింది. ఆ రాత్రి డైరీలో ఒక పేజీ నిండా రాసుకున్నాను.

ఇప్పుడు నాకు గుడ్డలు కొలిచే టేపు ఉంది. ఆటో ఆపమని కూడా చెప్పగలను, రెండోసారికైనా వినపడేలా. బందరక్క ఎప్పుడు ఫోను చేసినా “మన బొంత ఎలా ఉందే?” అని అడుగుతుంది. ‘రేపు చెప్పాలి’ అని రాసుకున్న ఆ రేపు ఇంకా రాలేదు. మొన్న ఊరెళ్ళినప్పుడు మా అక్క కూతురు ఆ బొంత మీద బోర్లా పడుకుని, చెయ్యి చాపి నర్సమ్మ ముక్కని కొలుస్తోంది. చిటికెన వేలు మధ్య పువ్వు దాకా వచ్చి ఆగిపోయింది.

“పిన్నీ, నాకెందుకు అందట్లేదు?”

“ఇంకా పెరగాలమ్మా” అన్నాను. దాని పక్కనే నా ముక్క మీద నా చెయ్యి చాపి చూసుకున్నాను. దారం తేడా లేకుండా సరిపోయింది.