పొద్దున ఆరింటికి వచ్చే ఫోటో

నిన్న పొద్దున ఆరింటికి మల్లేశన్న నుంచి ఫోటో రాలేదు.

ఏడు దాటాక ఆయన నంబర్ నుంచే ఫోన్ వచ్చింది. ఎత్తడానికి భయమేసింది. ఆయన కుక్క బబ్లూ పోయిందనుకున్నాను.

మాట్లాడింది అన్న కాదు, ఆయన భార్య భాగ్యక్క తమ్ముడు. పోయిండన్నా అన్నాడు.

బబ్లూనా అని అడిగాను.

"కాదన్నా. బావ."

నిద్రలోనే గుండె ఆగిందట.

మల్లేశన్నది అమీర్‌పేటలో జిరాక్స్, స్పైరల్ బైండింగ్ షాపు. కోచింగ్‌కి వచ్చిన కొత్తలో నోట్స్ కోసం వెళ్ళి పరిచయమయ్యాను. కోర్సు అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, శ్రీనగర్ కాలనీకి మారాను. అయినా వారానికి ఒకసారి మధురానగర్‌లో వాళ్ళింటికి వెళ్తూనే ఉన్నాను.

పోయిన ఆదివారం మా ఊరి నుంచి మక్క కంకులు పట్టుకెళ్ళాను. వాన పడుతోంది. డాబా మీద రేకుల కింద కాల్చుకుని తిన్నాం.

మా ఊళ్ళో కంకి తిన్నాక మిగిలిన బెండుని బర్రెకి వేస్తాం. చెయ్యి ఆ అలవాటు మానలేదు. ఒలిచిన బెండు పక్కకి విసిరాను. అక్కడ బర్రె లేదు, బబ్లూ ఉంది. ముక్కలు కొరికి మింగేసింది.

మర్నాడు వాంతులు. మంగళవారానికి పొట్ట ఉబ్బి గట్టిపడింది.

అన్న షాపు మూసి నాకు ఫోన్ చేశాడు, వెంటనే వెళ్ళాను. రెండు ఆటోల వాళ్ళు కుక్కని ఎక్కించుకోం అన్నారు. మూడో ఆటో పెద్దాయన తన తువ్వాల సీటు మీద పరిచి జల్దీ ఎక్కు భాయ్ అన్నాడు.

పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద సిగ్నల్ పడింది. బబ్లూ అన్న ఒళ్ళో కదలడం లేదు.

"ఊపిరున్నదా చూడు తమ్మీ. నాకు చూడాల్నంటే భయమైతుంది."

చెయ్యి పెట్టాను. ఉంది.

జంతువుల ఆసుపత్రిలో స్కాన్ తీశారు. పేగులో బెండు ముక్క ఇరుక్కుంది. అప్పటికప్పుడే ఆపరేషన్ చేశారు.

బయట బెంచీ మీద కూర్చుని, బెండు నేనే వేశానని చెప్పాను.

"నేను సుత ఏసిన. ఎవరి బెండో ఎవరికెరుక? ఊకో."

ఆయన వేయలేదు. నేను చూశాను. ఆయన తిన్న బెండ్లు ప్లేట్లోనే ఉన్నాయి.

ఆపరేషన్ అయిపోయినా గండం గడవలేదన్నారు డాక్టర్. ఐదు రోజులు లోపలి కుట్టు ఊడే ప్రమాదం ఉందట. గంతులు వేయనివ్వొద్దు. కొంచెం కొంచెంగా జావ పట్టాలి. చిగుళ్ళు గులాబీ రంగులో ఉండాలి, తెల్లబడితే వెంటనే తీసుకురావాలి.

అప్పటి నుంచి రోజూ ఆరింటికి ఫోటో. అన్న వేళ్ళు బబ్లూ పెదవిని ఎత్తి పట్టుకుని ఉంటాయి, కింద చిగుళ్ళు. ఒక్క మాట రాసేవాడు కాదు. నేను అది చూశాకే మంచం దిగేవాడిని.

గురువారం ఎడమ చెయ్యి గుంజుతోందన్నాడు. బబ్లూని ఎత్తుకుని మెట్లు ఎక్కీ దిగీ పట్టేసిందనుకున్నాం.

ఇద్దరం అలాగే అనుకున్నాం.

నిన్న నేను వెళ్ళేసరికి ఇంటి నిండా చుట్టాలు. బబ్లూని మెట్ల దగ్గర కట్టేశారు. కుట్లు నాకకుండా మెడకి తొడిగిన ప్లాస్టిక్ గొట్టం గోడకి కొట్టుకుంటోంది. చావింట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి పొద్దుటి జావ లేదు, మందూ లేదు. పక్కింటి వాళ్ళని అడిగి జావ కాచాను. వాసన చూసి మొహం తిప్పేసుకుంది.

భాగ్యక్కకి కుక్కంటే పడదు. వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు. అన్న తల దగ్గర కూర్చుని ఏడుస్తున్న మనిషి, నన్ను చూసి ఆగింది.

"దానికి గోలి ఏసిండ్రా తమ్మీ?"

జావలో కలిపాను, తినడం లేదన్నాను. ఆమె లేచి వచ్చింది. చుట్టాలు చూస్తుండగా మెట్ల మీద కూర్చుని అరచేతిలో పోసి పెట్టింది. బబ్లూ రెండు గుక్కలు తాగింది.

పాడె లేచినప్పుడు డప్పు మొదలైంది. బబ్లూ ఒక్క ఉదుటున తాడు గుంజింది. లోపలి కుట్టు ఊడుతుందనుకున్నాను. కింద కూర్చుని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. డప్పు సందు దాటేదాకా వదల్లేదు.

అలా అన్న పాడెకి నేను భుజం పట్టలేదు.

ఈ రోజు ఐదో రోజు. పొద్దున ఆరింటికి అన్న నంబర్ నుంచి ఫోటో వచ్చింది.

కాసేపు తెరవలేకపోయాను.

పెదవి ఎత్తి పట్టుకున్న వేళ్ళు భాగ్యక్కవి. కింద చిన్న వాయిస్ మెసేజ్.

"నాకు సమజైతలేదు తమ్మీ. నువ్వు చూసి చెప్పు."

పెద్దది చేసి రెండుసార్లు చూశాను. గులాబీగానే ఉన్నాయక్కా అని రాశాను.

శుక్రవారం పైకుట్లు విప్పుతారు. నేనే తీసుకెళ్తాను. అప్పటిదాకా ఈ భయం పోయేది కాదు.

నువ్వు నిమ్మళంగా పడుకో మల్లేశన్నా. ఆరింటికి మేం లేస్తాం.