వెనక పడిన మెసేజీ

ఆఫీసులో ఆమెను అందరూ గేట్‌వే అక్క అనేవారు. బ్యాంకులూ బడులూ ఆసుపత్రులూ జనానికి పంపే మెసేజీలు ముందు ఆ ఆఫీసు కంప్యూటర్లకు చేరి, అక్కడ వరుస కట్టి, ఒక్కొక్కటిగా ఫోన్లకు వెళ్లేవి. ఆ వరుసను నడిపే ప్రోగ్రాము పదకొండేళ్లుగా ఆమె చేతిమీదే ఉంది.

మొదట్లో సిగ్నల్ లేని ఫోనొకటి తగిలితే దాని వెనక మెసేజీలన్నీ ఆగిపోయేవి. కస్టమర్లు గోలపెట్టారు. దాంతో ఆమె ఒక మార్పు చేసింది. వెళ్లని మెసేజీని పక్కకు తీసి, పావుగంటకు మళ్లీ పంపేటట్టు రాసింది. పని చకచకా సాగింది. అయితే ఒకే ఫోనుకు వెళ్లే రెండు మెసేజీలు ఇలా తారుమారు కావచ్చని ఆమెకు తెలుసు. మేనేజరుకు చెప్పింది కూడా.

“పెళ్లిరోజు శుభాకాంక్షలు ముందొస్తాయి, చీరల సేలు తర్వాతొస్తుంది. కొంపలేం మునగవులేమ్మా,” అన్నాడతను. ఆమె కూడా నవ్వేసి ఊరుకుంది.

ఆ కస్టమర్లలో ఒక రాళ్ల క్వారీ ఉంది. అక్కడ పేలుడుకు ముందు మోగించే సైరన్ పాడై మూడు వారాలైంది. బాగుచేయించకుండా సూపర్‌వైజరు పనివాళ్లకు మెసేజీలు పెడుతున్నాడు. ఒక సోమవారం ఉదయం తొమ్మిదీ నలభైకి “ఈరోజు పేలుడు లేదు, పనికి రండి” అని పంపాడు. మందుగుండు బండి అనుకోకుండా వచ్చేసరికి, ఎనిమిది నిమిషాలకు “పదకొండింటికి పేలుడు ఉంది, ఎవరూ గోతిలోకి దిగొద్దు” అని మరొకటి పంపాడు.

పనివాళ్లలో రాళ్లకు రంధ్రాలు వేసే ఒక డ్రిల్లరు ఫోనుకు, మొదటి మెసేజీ పంపిన నిమిషంలో సిగ్నల్ లేదు. హెచ్చరికే ముందు చేరింది. అతను బూట్లు విప్పేశాడు. తొమ్మిదీ యాభై అయిదుకు పాత మెసేజీ వచ్చింది. “లేదటలే,” అని భార్యతో చెప్పి, మళ్లీ బూట్లు తొడుక్కుని వెళ్లాడు. గోతి అవతలి మూలకు దిగిన అతన్ని పైనున్న వాళ్లెవరూ చూడలేదు. పదకొండింటి పేలుడులో అతను పోయాడు.

విచారణలో క్వారీవాళ్లు, హెచ్చరిక అందినా అతను ఖాతరు చేయలేదన్నారు. తాగి ఉన్నాడని కూడా పుట్టించారు. హెచ్చరిక చేరినట్టు రుజువు పంపమని గేట్‌వే ఆఫీసును అడిగారు.

రికార్డు తీసిన ఆమెకు హెచ్చరిక కిందే రెండో లైను కనిపించింది. దాన్ని మేనేజరుకు చూపించింది.

“వాళ్లడిగింది హెచ్చరిక చేరిందా లేదా అనే. చేరింది. ఆ ఒక్క లైను పంపు చాలు,” అన్నాడు మేనేజరు.

“దాని తర్వాత పాతది వెళ్లింది సార్.”

“అది బయటపెడితే తప్పు మనమీదికొస్తుంది.”

“మన మీదికి కాదు సార్. నా మీదికి.”

ఆ సాయంత్రం ఆమె అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయింది. లేతు మిషను మీద పనిచేసే భర్త అంతా విన్నాడు.

“ఉద్యోగం పోతుంది, తెలుసుగా?”

“తెలుసు.”

“సరే, పొద్దున నేనూ వస్తా,” అన్నాడు.

పూర్తి రికార్డు విచారణ అధికారికి ఇచ్చి, ఒక కాపీ పట్టుకుని ఇద్దరూ డ్రిల్లరు ఇంటికి వెళ్లారు. అతని భార్య గుమ్మంలోనే నిలబడి వింది.

“రెండూ నాకు చదివి వినిపించే వెళ్లాడమ్మా. ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు,” అంది. తర్వాత గేట్‌వే అక్క ముఖంలోకి చూసి అడిగింది: “ఆ ప్రోగ్రాము రాసిందెవరు?”

“నేనే.”

డ్రిల్లరు భార్య చెయ్యి చాచింది.

“ఆ కాగితం ఇచ్చి వెళ్లండి,” అంది. “మళ్లీ రావద్దు.”

డ్రిల్లరు తప్పేమీ లేదని విచారణ తేల్చింది. ఎవరికీ శిక్ష పడలేదు. నెల తిరక్కుండా క్వారీ తెరుచుకుంది. గేట్‌వే అక్కను తీసేశారు. మరే ఆఫీసూ ఆమెను పిలవలేదు. ఇప్పుడొక జిరాక్సు షాపులో పనిచేస్తోంది. ఒకరోజు డ్రిల్లరు భార్య కూతురి బడి కాగితాలు పట్టుకుని ఆ షాపుకే వచ్చింది. ఆమెను గుర్తుపట్టింది. కాపీలు తీసుకుని, డబ్బులు బల్లమీద పెట్టి వెళ్లిపోయింది.