సందు మొదట్లో రెండు బండలు

పోయిన శుక్రవారం పొద్దున మా ఎదురింటి మామ పోయారు. ఆయన పోవడం ఒక బాధ అయితే, ఎందుకు పోయారో తేలకపోవడం ఇంకో బాధ. డాక్టరు గుండె అన్నాడు. మా సందులో కొందరు సందు మొదట్లోని బండలే అన్నారు. రాసుకుంటే అయినా తేలుతుందేమోనని కూర్చున్నాను.

మామ లారీ మనిషి. చిలమకూరు ఫ్యాక్టరీలో సిమెంటు ఎత్తుకుని జమ్మలమడుగుకూ పులివెందులకూ తోలేవారు. ఆయన మసీదుకు పోయేవారు, మేము గుడికి పోతాం. వరసకు మాత్రం ఆయన మామ, ఆయన భార్య అత్త. ప్రొద్దుటూరులో ఇది వింతేమీ కాదు. పొద్దున్నే టీ గ్లాసుతో అరుగు మీద కూర్చుని, సందులో పోయే బండ్ల టైర్ల వంక చూసేవారు. తోలే మనిషి మొహం ఆ తర్వాతే. నేను టీచరుగా బడికి పోయే స్కూటీ టైరులో గాలి తగ్గితే నాకన్నా ముందు ఆయనకే తెలిసేది.

మా సందు మెయిన్ రోడ్డు నుంచి జమ్మలమడుగు రోడ్డుకు అడ్డదారి. అప్పట్లో కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు రెండు వానాకాలాలు కూడా నిలవలేదు. చుట్టూ తిరిగి పోలేక లారీలూ ఇసుక ట్రాక్టర్లూ ఇటే దూరేవి. మున్సిపాలిటీలో అడిగితే ఇప్పట్లో నిధులు లేవన్నారు. అప్పుడు మామ అందరినీ పిలిచి, మనమే బాగు చేసుకుందాం, ఎవరి బండి ఎంత పాడు చేస్తే వాళ్ళు అంత పెట్టుకోవాలన్నారు.

"రోడ్డును తినేది మేమే పాపా," అన్నారు నాతో. "నీ స్కూటీ ఏడాదంతా తిరిగినా రోడ్డుకు తెల్దు. నా లారీ లోడుతో ఒక్కతూరి పోతే సాలు."

సైకిళ్ళ వాళ్ళు రోడ్డు తడపడానికి నీళ్ళు మోయాలి. స్కూటర్ల వాళ్ళు తలా ఒక సిమెంటు మూట. ట్రాక్టరున్న ఇంటివాళ్ళు ఇసుక, కంకర. మిగిలిన సిమెంటంతా మామది. అందరూ సరేనన్నారు, గుడ్డలంగడి శెట్టి తప్ప. ఆయనకు సైకిలు కూడా లేదు, అంగడికి నడిచే పోతాడు. నేనెందుకివ్వాలన్నాడు.

"నీకు లేకపోతే ఏంది శెట్టీ, నీ గుడ్డల మూటలకు వ్యానుండాది కదా," అన్నారు మామ. "బండి ఎవరిదైనా కానీ, బరువు ఎవరిదో రోడ్డుకు పెట్టాల్సింది వాళ్ళే."

శెట్టి కూడా తక్కువ తినలేదు. అట్లయితే నీ లారీలో సిమెంటు నీది కాదు కదా, ఇండ్లు కట్టుకునే వాళ్ళది, వాళ్ళనే అడుక్కో పో అన్నాడు. అదీ నిజమేనన్నారు మామ. అన్నారే గానీ తన వంతు ఒక్క మూట తగ్గించుకోలేదు. రెండు మాటలనూ ఒకేసారి ఎట్లా నమ్మారో నాకు అంతుపట్టలేదు. ఆయనకూ పట్టినట్టు లేదు. పెట్రోలు పోసుకున్నప్పుడల్లా పన్ను కడుతున్నాం కదా, మళ్ళీ ఇదెందుకని నేనడిగాను.

"కడతాండావు పాపా. ఆ దుడ్లు యాడికి పోతాండాయో నీకూ తెల్దు, నాకూ తెల్దు," అన్నారు.

రోడ్డు బాగయ్యాక ఆయనే దగ్గరుండి, సందు మొదట్లో నడుమెత్తు కడప బండలు రెండు నిలువునా పాతించారు. ఆటో పడుతుంది. అంతకన్నా వెడల్పున్నది ఏదీ పట్టదు. తన లారీకి తనే అడ్డం పెట్టుకున్నాడని సందంతా నవ్వింది. లారీని మార్కెట్ యార్డు దగ్గర ఆపి ఇంటికి నడిచొచ్చేవారు. రేపు అంబులెన్సు రావాల్సొస్తే ఎట్లా అని శెట్టి అడిగితే, ఆ రాయే దారిస్తాదిలే అన్నారు. ఆయన మాటలెప్పుడూ అంతేలెమ్మని ఎవరమూ పట్టించుకోలేదు.

ఆ రోడ్డు ఇప్పటికీ పగల్లేదు. నా పిల్లలిద్దరూ దాని మీదే సైకిలు నేర్చుకున్నారు. అందుకు ఆయనకు ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో. వయసు మీద పడ్డాక లారీ అమ్మేస్తే కొడుకు బ్యాటరీ ఆటో కొన్నాడు. దీనికి పెట్రోలూ లేదు, దాని మీద పన్నూ లేదని సంబరపడ్డాడు. మరి రోడ్డుకెవరు పెడతారని అడిగారు మామ. కొడుకు ఆటోను చార్జింగుకు పెట్టి లోపలికి పోయాడు.

శుక్రవారం అంబులెన్సు వచ్చి ఆ బండల దగ్గర ఆగిపోయింది. మామను మంచంతో సహా సందు చివరి నుంచి మోసుకుపోయారు. అప్పటికే ఆయనకు మాట పడిపోయింది. చేయి మాత్రం బండల వైపు ఊపుతూనే ఉన్నారు. తొందరగా నడవమంటున్నారని అనుకున్నాం. ఆసుపత్రికి చేరేసరికే అయిపోయింది. ఆ కాస్త ఆలస్యం వల్ల ఏ తేడా లేదని డాక్టరు చెప్పాడు. కొడుకు నమ్మలేదు. సాయంత్రం జనాజాను ఆ రెండు బండల మధ్యనుంచే భుజాల మీద తీసుకుపోయారు. నడిచేవాళ్ళ బరువు రోడ్డుకు అంటదని మామ ఎప్పుడూ అనేవారు.

మర్నాడు కొడుకు గడ్డపార తెచ్చాడు. ఎవరమూ వద్దనలేదు. ఎడమ బండ ఎంత పొడిచినా కదల్లేదు, దాని మొదట్లో సిమెంటు పోసి ఉంది. కుడి బండ రెండు పోట్లకే ఒరిగింది. దాని చుట్టూ దట్టించింది ఉత్త ఇసుక. ఇద్దరు పట్టి ఎత్తితే పైకి వచ్చేసింది. అంబులెన్సు ఆగిన రోజు దాని చుట్టూ ఇరవై మందిమైనా ఉన్నాం. ఒక్కరమూ చేయి వేసి చూడలేదు. మామ చేయి ఊపింది ఇందుకేనని అప్పుడు అర్థమైంది. తెలిస్తే ట్రాక్టర్ల వాళ్ళు పీకేస్తారని దాచారో, శెట్టితో అన్న మాటతో మాకు చెప్పేసినట్టే అనుకున్నారో.

అత్త గడప దాటకూడని రోజులు. కొడుకు పిడికెడు ఇసుక తెచ్చి ఆమెకు చూపించాడు. ఆమె దాన్ని అరచేతిలో పోయించుకుంది.

"ఊరికంతా చెప్పకపోతే మానె, నాకొక మాట చెప్పింటే ఏమి," అంది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని, "పెట్టేయ్ నాయనా. ఇసకలోనే పెట్టు," అంది.

బండ మళ్ళీ అక్కడే ఉంది. ఇప్పుడు సందులో అందరికీ తెలుసు. మామ మీద నాకున్నది కోపమో కృతజ్ఞతో ఇంత రాసినా తేలలేదు. బడికి పోయేటప్పుడు అక్కడ స్కూటీ ఆపి, ఆ బండను చేత్తో ఒకసారి నెట్టి చూస్తాను. కొంచెం కదులుతుంది.